ర్యామ్ పెంచాక సిస్టమ్ ఆన్ అవడం లేటవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా రిపేరు బల్ల మీదికి వారానికి ఒక్కటైనా ఇలాంటి కేసు వస్తుంది. "అన్నా, 4 జీబీ ఉన్నప్పుడే నయముండె. 8 చేసినంక ఇంకా లేటైతాంది." చేతి డబ్బు పెట్టి ర్యామ్ వేయించుకున్న మనిషికి ఆ కోపం రావడంలో తప్పులేదు. కాజీపేట, పరకాల, జమ్మికుంట, భూపాలపల్లి నుంచి ఫోన్ చేసి అడిగే ప్రశ్నలూ ఇవే. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోయి మళ్లీ చేస్తున్నారు, అందుకని రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు తప్పు ర్యామ్‌ది కాదు. ర్యామ్ వేయడానికి మూత తీసినప్పుడు లోపల కదిలిందో, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు మదర్‌బోర్డు, అంటే లోపలి పెద్ద బోర్డు, నడిపే ప్రోగ్రాం) మారిందో ఇంకేదో ఉంటుంది. అందరూ కొత్త ర్యామ్ మీద పడతారు, అసలు దొంగ పక్కనే కూర్చుని ఉంటాడు.

ర్యామ్ పెంచితే స్పీడు పెరగాలి కదా, ఆన్ అవడం ఎందుకు లేటవుతుంది?

ర్యామ్ పెంచిన లాభం తెలిసేది సిస్టమ్ ఆన్ అయ్యాక. క్రోమ్‌లో పదిహేను ట్యాబులు తెరిచినా, పక్కన ట్యాలీ, ఎక్సెల్ నడుస్తున్నా బిగుసుకుపోదు. ఆన్ అయ్యే పని మాత్రం డిస్కుది. విండోస్ ఫైళ్లన్నీ అక్కడి నుంచే ర్యామ్‌లోకి ఎక్కాలి. పాత హార్డ్‌డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైలును సెకనుకు 100 ఎంబీ దాకా చదవగలదు కానీ, స్టార్టింగ్‌లో చదవాల్సినవి వేల కొద్దీ చిన్న ముక్కలు. ఒక్కోదాని కోసం సూది అటూ ఇటూ తిరగాలి, అప్పుడు సెకనుకు ఒకటి రెండు ఎంబీలకు పడిపోతుంది.

కాబట్టి ర్యామ్ వేశాక కూడా మునుపటంత టైమే పడుతుంటే అది లోపం కాదు. మునుపటికన్నా ఎక్కువ పడుతుంటేనే ఈ కింది సంగతులు చదవండి.

లోపం ఎక్కడుందో షాపుకు రాకుండా తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద కంపెనీ లోగో వచ్చేదాకా ఎన్ని సెకన్లు? కింద చుక్కల చక్రం తిరగడం మొదలైనప్పటి నుంచి పాస్‌వర్డ్ అడిగేదాకా ఎన్ని? పాస్‌వర్డ్ కొట్టాక ఒక ఫోల్డర్ ఆగకుండా తెరుచుకునేదాకా ఎన్ని? మూడు అంకెలూ కాగితం మీద వేసుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది "మస్తు లేటైతాంది" అంటారు తప్ప ఎక్కడ లేటవుతోందో చెప్పరు. ఆ మూడు అంకెలతో వచ్చే మనిషి పని సగం అయిపోయినట్టే.

మొదటి అంకె పెద్దదైతే విండోస్ ఇంకా రంగంలోకే దిగలేదని అర్థం. ర్యామ్, బయోస్, మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ వైపు చూడాలి. విండోస్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఈ అంకె తగ్గదు, అయినా చాలాచోట్ల ముందుగా చేసేది ఆ ఫార్మాటే. రెండోది పెద్దదైతే డిస్కు, దాని కేబుల్, ఫాస్ట్ స్టార్టప్ (దీని సంగతి కింద చెబుతాను), డ్రైవర్లు. మూడోది పెద్దదైతే ర్యామ్‌కు సంబంధమే లేదు, లాగిన్ అవగానే తమంతట తాము తెరుచుకునే ప్రోగ్రాముల పని అది.

ఇంకో చిట్కా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ పేజీలో పైన కుడివైపు 'లాస్ట్ బయోస్ టైమ్' అని సెకన్లలో ఉంటుంది. విండోస్ చేతికి అందేలోపు మదర్‌బోర్డు తీసుకున్న టైమ్ అది. పది, పదిహేను ఉంటే దిగులు లేదు. అరవై, డెబ్బై ఉందంటే మీ వెతుకులాట బయోస్‌లోనే. బాగా పాత మదర్‌బోర్డుల్లో ఈ లెక్క కనబడదు, వాటికి స్టాప్‌వాచే గతి.

కొత్త ర్యామ్ వేసి ఆన్ చేస్తే రెండు నిమిషాలు తెర నల్లగా ఉండిపోయింది. పాడైందా?

కాదు. మొదటిసారికి అది మామూలే, ముఖ్యంగా డీడీఆర్5 (ర్యామ్‌లో కొత్త రకం) సిస్టమ్‌లలో. కొత్త ర్యామ్ కనబడగానే మదర్‌బోర్డు దానికి ఏ వేగం, ఏ వోల్టేజీ, ఎంత ఆలస్యం సరిపోతుందో రకరకాలుగా ప్రయత్నించి చూసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. ర్యామ్ ఎంత పెద్దదైతే, ఎన్ని స్టిక్కులైతే (స్లాట్‌లో పెట్టే ర్యామ్ పలకలు) అంత సేపు. 2022లో వచ్చిన ఏఎమ్5 బోర్డుల్లో (ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లకు వాడేవి) మొదటిసారి చాలా నిమిషాలు పట్టడం కూడా ఉంది.

ఈలోపు కంగారుపడి పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేస్తే, మళ్లీ ఆన్ చేసినప్పుడు ట్రైనింగ్ మొదటికొస్తుంది. ఇంట్లో ఒకరు ఆన్ చేయడం, ఇంకొకరు ఆఫ్ చేయడం, ఇలా గంట గడిపి సీపీయూ చంకన పెట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. బల్ల మీద పెట్టి, ఆన్ చేసి, చాయ్ తాగి వచ్చేసరికి డెస్క్‌టాప్ వచ్చేసింది. వాళ్లకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువైంది. పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే అప్పుడు అనుమానించండి.

మొదటిసారే కాదు, రోజూ అంతసేపు పడుతోంది. మరి?

అయితే మదర్‌బోర్డు ఆ ట్రైనింగ్ ఫలితాన్ని దాచుకోకుండా రోజూ కొత్తగా చేస్తోందన్నమాట. ఏఎమ్5 బోర్డుల్లో బయోస్‌లోకి వెళ్లి (ఆన్ చేయగానే డిలీట్ కీ లేదా ఎఫ్2 కొడుతూ ఉండాలి) 'మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్' అనే ఆప్షన్ చూడండి. అది ఆఫ్‌లో ఉంటే ప్రతిసారీ ట్రైనింగే. ఆన్ చేస్తే నిమిషం పట్టేది సెకన్లలోకి వస్తుంది. కొన్ని బోర్డుల్లో ఆన్ చేశాక బ్లూ స్క్రీన్లు మొదలవుతాయి, అప్పుడు మళ్లీ ఆఫ్ చేసి బయోస్ అప్‌డేట్ చేయించాలి. ఆ అప్‌డేట్ యూపీఎస్ ఉన్నప్పుడే పెట్టుకోండి. మధ్యలో కరెంట్ పోతే లేటుగా ఆన్ అయ్యే సిస్టమ్ అసలుకే ఆన్ కాకుండా పోతుంది.

ఫ్యాను తిరిగి, ఆగి, మళ్లీ తిరిగి, రెండు మూడుసార్లు అలా చేశాకే లోగో వస్తుంటే అది వేరే జబ్బు. పెట్టెపై రాసిన వేగం కోసం ఎవరో బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను ఆ వేగంతో నడిపించే సెట్టింగు) ఆన్ చేసి ఉంటారు. ఆ వేగం మీ బోర్డు తట్టుకోలేక, ప్రయత్నించి ఓడిపోయి, చివరికి మామూలు వేగానికి దిగి ఆన్ అవుతోంది. ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి చూడండి. రోజువారీ పనిలో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు.

నాలుగు స్లాట్లూ నింపినా ఇదే గొడవ. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు డీడీఆర్5 స్టిక్కులుంటే 5200 వేగం దాకా కంపెనీ హామీ, నాలుగు పెడితే అది 3600కు దిగుతుంది. 32 జీబీ కావాలంటే నాలుగు 8లు కాకుండా రెండు 16లు కొనండి.

ఆన్ చేస్తే బీప్ కొడుతోంది, ఒక్కోసారి వస్తోంది, ఒక్కోసారి రావట్లేదు.

ర్యామ్ స్లాట్‌లో పూర్తిగా కూర్చోలేదు, లేదా దాని బంగారు రంగు పళ్ల మీద మురికి ఉంది. కరెంట్ ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిని దులిపి మళ్లీ పెట్టండి. వేసేటప్పుడు 'టక్' అని శబ్దం వచ్చి క్లిప్పులు వాటంతట అవే బిగుసుకోవాలి. ఒక్కవైపే క్లిప్పు ఉండే బోర్డులు కూడా ఉన్నాయి, వాటిలో క్లిప్పు లేని వైపు సగమే దిగి మనల్ని మోసం చేస్తుంది.

స్లాట్‌లోకి నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. చిన్న బ్లోయర్ వాడండి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణాల నుంచి వచ్చే సీపీయూలు విప్పితే మాకు ముందు తుమ్ములు, ఆ తర్వాతే రిపేరు. అలాంటిచోట ఉండే సిస్టమ్‌కు ర్యామ్ వేసేముందు దుమ్ము దులపకపోతే, పాత దుమ్మంతా కొత్త స్టిక్ కిందికి చేరుతుంది.

ర్యామ్ వేసినప్పటి నుంచి ఎఫ్1 నొక్కమంటోంది, తేదీ కూడా తప్పు చూపుతోంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. దాని పని అయిపోయింది. ఇన్నాళ్లూ ప్లగ్‌లో కరెంట్ ఉన్నంతసేపు ఆ లోపం బయటపడలేదు, ర్యామ్ వేయడానికి ప్లగ్ పీకగానే బయోస్ తన సెట్టింగులన్నీ మరిచిపోయింది. మల్టీమీటర్ పెడితే 3 వోల్టుల దగ్గర చూపాలి. రెండున్నరకు దిగితే మార్చేయండి. వంద రూపాయల్లోపు పని.

అసలు తంటా బయోస్ మరిచిపోయిన సెట్టింగులతో. కాజీపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఆయన ఎంసెట్ దరఖాస్తుల రోజుల్లో (పేరు ఈఏపీసెట్ అయింది కానీ జనం నోట ఇంకా ఎంసెట్టే) మూడు సిస్టమ్‌లకు ర్యామ్ వేయించాడు. మూడూ ఆన్ అవడానికి ఒక్కొక్కటి నిమిషంన్నర పైనే. బయట పిల్లలు లైన్‌లో, లోపల ఈయనకు టెన్షన్. వెళ్లి చూస్తే ర్యామ్ వేసినతను తెర రాకపోతే బ్యాటరీ తీసి పెట్టాడట. దాంతో బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లింది, బూట్ ఆర్డర్‌లో (విండోస్ కోసం ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే వరుస) మొదట నెట్‌వర్క్ వచ్చింది. అంటే సిస్టమ్ ముందుగా ల్యాన్ కేబుల్ వెంట వెళ్లి "విండోస్ ఎవరైనా ఇస్తారా" అని అడిగి, ఎవరూ పలకక, విసిగి, అప్పుడు తన డిస్కు దగ్గరికి వస్తోంది. నల్ల తెర మీద పీఎక్స్ఈ, డీహెచ్‌సీపీ అనే అక్షరాలు కనబడ్డాయంటే ఇదే కథ. బూట్ ఆర్డర్‌లో విండోస్ ఉన్న డిస్కును పైకి తెచ్చి, నెట్‌వర్క్ బూట్ ఆఫ్ చేసి, ఫాస్ట్ బూట్ ఆన్ చేస్తే మూడు సిస్టమ్‌లూ పావుగంటలో దారికొచ్చాయి.

ఇలా రీసెట్ అయినప్పుడు డిస్కు మోడ్ (మదర్‌బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) కూడా ఏహెచ్‌సీఐ నుంచి ఇంకోదానికి మారి, విండోస్ బ్లూ స్క్రీన్‌తో ఆగిపోవచ్చు. ఫార్మాట్ అక్కర్లేదు, ఆ మోడ్ తిరిగి పాతదానికి పెడితే చాలు. అందుకే మూత తీసేముందు బయోస్ పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసుకోమని అందరికీ చెబుతాను. ఎవరూ తీసుకోరు.

లోగో తొందరగానే వస్తోంది. ఆ తర్వాత చక్రం తిరుగుతూనే ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక టీచర్ గారి డెస్క్‌టాప్‌కు నేనే ర్యామ్ వేశాను. మర్నాడే వచ్చి "సార్, మూడు నిమిషాలు పడుతోంది" అన్నారు. ర్యామ్ మార్చి చూశాను, స్లాట్ మార్చాను, మెమరీ టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలేశాను. అన్నీ బాగున్నాయి. చివరికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో (డిస్కు ఆరోగ్యం చూపే ప్రోగ్రాం) చూస్తే సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అనే లైన్‌లో అంకె గంట గంటకూ పెరుగుతోంది. ర్యామ్ పెట్టేటప్పుడు నా మోచేయి తగిలి హార్డ్‌డిస్క్ సాటా కేబుల్ కొద్దిగా వదులైంది. డేటా తప్పుగా రావడం, సిస్టమ్ మళ్లీ అడగడం, మళ్లీ తప్పుగా రావడం. కేబుల్ మార్చాక నలభై సెకన్లు. ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఆ అంకె ఒకసారి పెరిగితే తగ్గదు, కాబట్టి సున్నా లేదని భయపడకండి. ఇవాళ చూసి రేపు చూడండి. పెరుగుతుంటే కేబుల్. దాంతోపాటు రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్కులో పాడైన, అనుమానంగా ఉన్న చోట్ల లెక్క) దగ్గర పసుపు రంగు కనబడితే డిస్కే పోతోంది. వెంటనే ఫొటోలు, పత్రాలు వేరేచోటికి కాపీ చేసుకుని ఆ తర్వాతే మిగతా మాట.

రీస్టార్ట్ చేస్తే బాగుంటోంది. షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తేనే తంటా.

విండోస్ 8 నుంచీ షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ తన గుండెకాయ లాంటి భాగాన్ని డిస్కులో ఒక ఫైలుగా (హైబర్నేషన్ ఫైలు) రాసుకుని పడుకుంటుంది, లేచాక అందులోంచి తెచ్చుకుంటుంది. రీస్టార్ట్‌లో అలా కాదు, అంతా కొత్తగా మొదలవుతుంది. రీస్టార్ట్ బాగుండి షట్‌డౌన్‌తోనే గొడవ వస్తుంటే అనుమానం ఈ ఫైలు మీదే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీకి వెళ్లి 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' టిక్ తీసేయండి. సిస్టమ్‌ను రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాక, మళ్లీ టిక్ పెట్టి చూడండి. చాలావాటికి అక్కడితో సరిపోతుంది. ఎస్ఎస్‌డీ (సూది లేకుండా చిప్పులతో నడిచే వేగమైన డిస్కు) ఉంటే టిక్ లేకుండానే వదిలేసినా నష్టం లేదు.

ర్యామ్ వేసేరోజు షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆఫ్ అవుతుంది. ఆ తర్వాతే ప్లగ్ పీకి మూత తీయాలి.

ర్యామ్ పెంచాక సీ డ్రైవ్ నిండిపోయింది. రెండింటికీ సంబంధం ఉందా?

ఉంది. ఇప్పుడు చెప్పిన హైబర్నేషన్ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం జాగా పట్టుకుంటుంది. 4 జీబీ ఉన్నప్పుడు ఒకటిన్నర జీబీ, 16 చేస్తే ఆరు దాటుతుంది. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే జాగా) కూడా పెరగొచ్చు. 120 జీబీ ఎస్ఎస్‌డీలో వాట్సాప్ వీడియోలు నింపుకున్నవాళ్లకు ఇది గట్టి దెబ్బే. సీ డ్రైవ్‌లో కనీసం 15, 20 జీబీ ఖాళీ ఉంచండి.

8 జీబీ వేస్తే విండోస్‌లో 3.4 చూపుతోంది.

మీది 32 బిట్ విండోస్. అది 4 జీబీ దాటి వాడుకోలేదు. 64 బిట్ వేయించాలి, దానికి మాత్రం ఫార్మాట్ తప్పదు. ఇప్పటికే 64 బిట్ అయితే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ పేజీ, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'మ్యాక్సిమమ్ మెమరీ' దగ్గర టిక్ ఉందేమో చూడండి. యూట్యూబ్ చూసి స్పీడు పెరుగుతుందని ఎవరో పెట్టి ఉంటారు. తీసేయండి.

వేర్వేరు కంపెనీల స్టిక్కులు కలిపి వేయొచ్చా?

వేయొచ్చు. రెండూ తక్కువదాని వేగంతో నడుస్తాయి. ఎక్కువసార్లు నడుస్తాయి, కొన్నిసార్లు మొండికేస్తాయి. అనుమానం వస్తే పాతది తీసేసి కొత్తది ఒక్కటే పెట్టి టైమ్ చూడండి, తర్వాత పాతది ఒక్కటే పెట్టి చూడండి. దీనికి మించిన పరీక్ష ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్, ఎక్కువ బోర్డులకు ఇదే లెక్క.

పాత ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కుంది. డీడీఆర్3 అంటే 1.5 వోల్టులు, డీడీఆర్3ఎల్ అంటే 1.35. రెండూ ఒకే స్లాట్‌లో పడతాయి. ఎల్ మాత్రమే తీసుకునే ల్యాప్‌టాప్‌లో మామూలుది పెడితే ఆన్ కాదు, లేదా ఆన్ అయినా సతాయిస్తుంది. కొనేముందు పాత స్టిక్ ఫొటో తీసుకెళ్లండి.

సెకండ్‌హ్యాండ్ ర్యామ్ తీసుకోవచ్చా? కొత్తది కొనలేకపోతున్నాం.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎత్తుకుపోతుంటే మన దాకా వచ్చేది తగ్గింది. కాబట్టి పాతది తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ర్యామ్‌లో అరిగిపోయే భాగాలు ఉండవు, బాగున్నది చాలా ఏళ్లు బాగానే ఉంటుంది. కానీ డబ్బు ఇచ్చేముందు మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) ఒక రౌండ్ పూర్తిగా నడిపించి, ఒక్క ఎర్రర్ వచ్చినా వద్దనండి. "ఒక్కటే కదా తమ్మి" అని అమ్మేవాడు అంటాడు. ఆ ఒక్కటే మీ డిగ్రీ ప్రాజెక్ట్ ఫైలులో పడుతుంది.

ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది!

వైరస్ కాదు, బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసిన తాళం. బయోస్ సెట్టింగులు మారేసరికి ఎవరో డిస్కు జోలికి వచ్చారని విండోస్ అనుకుంటోంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే రికవరీ కీ చాలావరకు అక్కడ ఉంటుంది. కీ దొరికేదాకా ఎవరు చెప్పినా ఫార్మాట్ కొట్టించకండి, డేటా తిరిగి రాదు.

నేనే విప్పి చూడొచ్చా?

డెస్క్‌టాప్ అయితే ధైర్యంగా చూడండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంట్ పోనిచ్చి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ముందు లోపలి బ్యాటరీ కనెక్టర్ తీయాలి. వెనుక మూత లాకులు ప్లాస్టిక్‌వి, తొందరపడితే విరుగుతాయి. సన్నటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అక్కడ విప్పి లాభం లేదు.

ఇంత గొడవ ఎందుకు, ఎస్ఎస్‌డీ వేయించుకుంటే పోదా?

మీ స్టాప్‌వాచ్ లెక్కలో రెండో అంకె పెద్దదైతే, అవును, అదే చేయండి. హార్డ్‌డిస్క్ మీద నిమిషంన్నర పట్టేది సాటా ఎస్ఎస్‌డీ మీద ఇరవై, ఇరవై అయిదు సెకన్లకు రావడం మేము రోజూ చూసేదే. పదేళ్ల నాటి సిస్టమ్‌కు కూడా పనిచేస్తుంది. మొదటి అంకె పెద్దదైతే మాత్రం ఎస్ఎస్‌డీ వేసినా ఆ నల్ల తెర అలాగే ఉంటుంది, డబ్బు దండగ.

ఒకటి చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో జెనరేషన్ కన్నా పాత ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా తీసుకోదు. అలాంటి సిస్టమ్‌కు ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ కలిపి పెద్ద మొత్తం పెట్టాలంటే మేము ఆలోచించుకోమనే చెబుతాం. చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి వేసి, పాత హార్డ్‌డిస్క్‌ను అందులోనే ఫొటోలకు, పెళ్లి వీడియోలకు వదిలేస్తే ఇంకో రెండు మూడేళ్లు పిల్లల చదువుకు నెట్టుకొస్తుంది. బూట్ ఆర్డర్‌లో ఎస్ఎస్‌డీని పైన పెట్టడం మాత్రం మరవకండి. మొన్న జగిత్యాల నుంచి ఒకాయన దాని కోసమే సిస్టమ్ ఎత్తుకుని బస్సులో వచ్చాడు.